సందులో సన్నగా పెరిగే పచ్చని మొక్క: విజయవాడ, గుంటూరు ఇళ్లకు ఏది నప్పుతుంది?

రెండు వందల గజాల స్థలంలో ఇల్లు కట్టుకున్నాక గోడకీ ప్రహరీకీ మధ్య మిగిలేది మూడడుగులో నాలుగడుగులో. డ్రైనేజీ గుంతలు, బోరు, ఏసీ బయటి యూనిట్లు అన్నీ అందులోనే సర్దాలి. పైగా పక్కింటి వంటగది కిటికీ సరిగ్గా మన పడగ్గదికి ఎదురుగా ఉంటుంది. అందుకే పక్కలకు పాకకుండా నిటారుగా లేచే మొక్క, ఏడాది పొడవునా పచ్చగా ఉండే మొక్క కావాలని చాలామంది వెతుకుతారు. నర్సరీకి వెళ్లి ఫోన్‌లో చూపించే ఫొటో మాత్రం దాదాపు అందరిదీ ఒకటే. ఇటలీలో కొండ మీది ఇంటి ముందు వరసగా నిలబడ్డ సైప్రస్ చెట్లు.

ఆ ఫొటోని ముందు పక్కన పెట్టమని నా సలహా. ఆ చెట్టు పెరిగే మధ్యధరా ప్రాంతంలో వానలు చలికాలంలో పడతాయి, ఎండాకాలం పొడిగా ఉంటుంది. మన దగ్గర తీరు తలకిందులు. ఏడాదికి పడే సుమారు 1000 మిల్లీమీటర్ల వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబరు లోపే, నేల ఇంకా వెచ్చగా ఉన్నప్పుడే పడుతుంది. వెచ్చని బరువు మట్టిలో నీళ్లు నిలిస్తే అలాంటి మొక్కకి వేరు కుళ్లు పట్టుకుంటుంది. ఆకారం కోసం దేశంకాని దేశం మొక్క తెచ్చి కాపాడుకోవడం కన్నా, మన వేడికీ తేమకీ అలవాటు పడ్డ మొక్కని కత్తిరించి ఆ ఆకారంలోకి తెచ్చుకోవడం తేలిక. కింద చెప్పే ఎంపికలన్నీ ఈ లెక్క మీదే.

ముందు స్థలాన్ని చూసుకోండి

మొక్క పేరు అడగడానికి ముందు టేపు తీసుకుని సందు కొలవండి. కావలసింది సందు మొత్తం వెడల్పు కాదు, మొక్కకి నిజంగా మిగిలే వెడల్పు. డ్రైనేజీ గుంత మూత తీసి శుభ్రం చేయడానికి మనిషి నడవాలి. దానికి అడుగున్నరైనా వదిలేయాలి. నాలుగడుగుల సందులో అలా వదిలేస్తే మొక్కకి దక్కేది రెండున్నర అడుగులే. నర్సరీలో కవర్లో ఉన్న మొక్క అడుగు వెడల్పే ఉంటుంది కాబట్టి ఏదైనా పట్టేస్తుందనిపిస్తుంది. మూడేళ్ల తర్వాత దాని వెడల్పు ఎంతుంటుందో అడిగి తెలుసుకోవాలి.

రెండోది ఎండ. తూర్పు గోడ పక్కన పొద్దుటి ఎండ మాత్రమే పడుతుంది, అక్కడ చాలా మొక్కలు బతుకుతాయి. పడమటి గోడ సంగతి వేరు. మే నెలలో 42, 43 డిగ్రీలు మామూలే, కొన్నేళ్లలో 45 కూడా దాటుతుంది. సిమెంటు గోడ ఆ వేడిని పీల్చుకుని రాత్రి పొద్దుపోయేదాకా వదులుతూనే ఉంటుంది. దానికి తోడు ఏసీ యూనిట్ నుంచి వచ్చే వేడి గాలి తిన్నగా ఆకుల మీదకి కొడితే ఏ మొక్కా తట్టుకోలేదు. యూనిట్ ముందు మూడు నాలుగడుగుల మేర ఖాళీ వదిలేయడమే మంచిది. వాస్తు పట్టించుకునేవాళ్లు తూర్పు, ఉత్తరం వైపు ఎత్తైన చెట్లు వద్దంటారు. ఎండ లెక్కన చూసినా ఎత్తైన పచ్చదనం ఎక్కువగా అక్కరకొచ్చేది పడమర, దక్షిణాల్లోనే. ఈ ఒక్క విషయంలో రెండు లెక్కలూ కలుస్తాయి.

మూడోది మట్టి, నీళ్లు. గుంటూరు చుట్టుపక్కల చాలాచోట్ల నల్లరేగడి. వానాకాలంలో ఉబ్బుతుంది, వేసవిలో చెయ్యి పట్టేంత బీటలు వారుతుంది. విజయవాడలో పటమట, కానూరు, పోరంకి వైపు కృష్ణ ఒండ్రు మట్టి, మొగల్రాజపురం లాంటి కొండ అంచుల్లో రాయీ గ్రావెలూ. కొత్త వెంచర్లలో ఇవేవీ కాదు, ఎత్తు పెంచడానికి తోలిన మట్టి, దాని కింద ఇల్లు కట్టినప్పటి సిమెంటు పెళ్లలు. నాటే చోట రెండడుగులు తవ్వి చూడకుండా మొక్క కొనొద్దు. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. బకెట్ అంచుకి తెల్లగా పొర కడుతుంటే మొక్కల జాబితా అక్కడే సగం తగ్గిపోతుంది.

నా మొదటి ఓటు యుజీనియాకి

ఎర్రటి చిగుళ్లతో కోన్ ఆకారంలోనో, సన్నటి స్తంభంలానో కత్తిరించి నర్సరీల ముందు వరసగా నిలబెట్టే మొక్క ఇది. మన నేరేడు చెట్టుకి దగ్గరి చుట్టం, రెండూ ఒకే ప్రజాతివి. ఆగ్నేయాసియా వేడికీ తేమకీ అలవాటు పడింది కాబట్టి మన ఆగస్టు ఉక్కపోత దీనికి ఇబ్బంది కాదు. దీని అసలు బలం కత్తెరని తట్టుకోవడం. ఎక్కడ కత్తిరిస్తే అక్కడ రెండు మూడు చిగుళ్లు వేస్తుంది, కొత్త చిగురు రాగి రంగులో వచ్చి నెమ్మదిగా పచ్చబడుతుంది. రెండు, రెండున్నర అడుగుల వెడల్పులో, ఎనిమిది పదడుగుల ఎత్తులో ఏళ్ల తరబడి నిలబెట్టుకోవచ్చు. పక్కింటి కిటికీకి అడ్డుగోడలా కావాలంటే మొక్కకీ మొక్కకీ మధ్య రెండడుగులు, విడివిడి స్తంభాల్లా కనిపించాలంటే మూడున్నర అడుగులు ఇవ్వండి.

దీనికీ లోపాలున్నాయి. దాహం ఎక్కువ. మొదటి రెండు వేసవులు నీళ్లు తప్పితే కొనలు మాడిపోతాయి. ఉప్పు నీళ్లకి ఆకుల అంచులు గోధుమరంగుకి తిరుగుతాయి. ఇంట్లో ఆర్వో ఫిల్టర్ వదిలే నీళ్లని మొక్కలకి పోసే అలవాటు చాలామందికి ఉంది. ఆ నీళ్లలో లవణాలు మామూలు నీళ్లకన్నా ఎక్కువ కాబట్టి యుజీనియాకి మాత్రం పోయకండి. సున్నం శాతం ఎక్కువున్న నల్లమట్టిలో ఈనెలు పచ్చగానే ఉండి ఆకు పసుపు పచ్చబడటం కనిపిస్తుంది. అది ఇనుము అందకపోవడం. బత్తాయి రైతులు చేసేదే ఇక్కడా చేయాలి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, చల్లటి పూట ఆకుల మీద వారం, పది రోజుల తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ చేస్తే పచ్చదనం తిరిగొస్తుంది. ఆకుల మీద మసి పట్టినట్టు నల్లగా కనిపిస్తే దాని మూలం పిండినల్లి లాంటి రసం పీల్చే పురుగులు. లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి ఆకు అడుగు భాగం తడిసేలా కొట్టాలి.

ఇంకొక మాట, ఇది సహజంగా చెట్టు. ఏడాదికి మూడు నాలుగుసార్లు కత్తిరించే ఓపికా మనిషీ లేకపోతే సన్నగా ఉండదు. ఆ ఓపిక లేని ఇంటికి కింద పొడోకార్పస్ గురించి చెప్పింది చూడండి.

అశోక: చోటుంటే దీన్ని మించింది లేదు

కాలేజీల ముందు, కల్యాణ మండపాల గేట్ల దగ్గర కొమ్మలు కిందికి వేలాడేస్తూ నిలబడే చెట్టు. నరమామిడి అని కూడా అంటారు. నారింజ రంగు పూలగుత్తులు పూసే అశోకం వేరు. పూజ కోసం అది కావాలనుకునేవాళ్లు నర్సరీలో సీతా అశోక అని అడిగి తీసుకోవాలి.

దక్షిణ భారతంలో పుట్టిన చెట్టు కాబట్టి మన ఎండ దీనికి కొత్త కాదు. నల్లరేగడిలోనూ ఒండ్రులోనూ పెరుగుతుంది. కత్తిరించకుండానే స్తంభంలా లేచేది మనకి దొరికేవాటిలో నిజంగా ఇదొక్కటే. దుమ్మునీ రోడ్డు చప్పుడునీ కొంత ఆపుతుంది. పండగపూట తోరణానికి ఆకు కొనక్కర్లేదు. నల్ల రెక్కల మీద ఆకుపచ్చ మచ్చలుండే సీతాకోకచిలుక దీని ఆకుల మీద గుడ్లు పెడుతుంది. దాని గొంగళిపురుగులు కాసిని ఆకులు తింటే తిననివ్వండి, చెట్టుకేమీ కాదు, మందు కొట్టకండి.

అయితే ఇది పొద కాదు. ముప్పై నలభై అడుగులు సులువుగా దాటుతుంది. మూడడుగుల సందులో నాటినప్పుడు అందంగానే ఉంటుంది. పదేళ్లకి మొదలు లావెక్కి ప్రహరీ పునాదిని ఒత్తుతుంది. పైన కరెంటు తీగలుంటే వానాకాలం ముందు లైను కోసం తల నరికేస్తారు. తల తెగిన అశోక ఒక కొమ్మకి బదులు మూడు నాలుగు కొమ్మలు పైకి తోస్తుంది, ఆ స్తంభం ఆకారం మళ్లీ రాదు. వానాకాలంలో పండ్ల కోసం గబ్బిలాలు వస్తాయి, తెల్లారేసరికి కారు మీదా వాకిట్లోనూ గింజలూ మరకలూ. గాలి సంగతి కూడా ఆలోచించాలి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి గాలుల్లో, తోలిన మట్టిలో పైపైన వేరు పాకిన ఎత్తైన చెట్టు ఇంటి మీదకే ఒరిగే ప్రమాదం ఉంది.

కాబట్టి అయిదడుగుల ఖాళీ మట్టి, పైన తీగల్లేని ఆకాశం, పడమర లేదా దక్షిణం దిక్కు, ఈ మూడూ ఉంటేనే అశోక. గుంటూరు, విజయవాడ శివారుల్లో అయిదు వందల గజాలకి పైబడ్డ స్థలాలు, ఊళ్లో తోట ఇళ్లు ఉన్నవాళ్లు నిస్సందేహంగా వేసుకోవచ్చు. బ్రాడీపేట, అరండల్‌పేట లాంటి చోట ఇరుకు సందు ఇంటికి వద్దు.

నీడ సందుకి పొడోకార్పస్, కుండీకి అరేలియా

రెండు మేడల మధ్య ఎండ రెండు గంటలు కూడా పడని సందులుంటాయి. అక్కడ యుజీనియా పల్చబడి కాళ్లు సాగదీస్తుంది. పొడోకార్పస్ ఆ నీడలోనే ముదురు పచ్చగా, దట్టంగా ఉంటుంది. సన్నటి పొడుగాటి ఆకులు, నిటారు పెరుగుదల. నెమ్మదిగా పెరగడం దీని గుణం. అందుకే ఖరీదెక్కువ, అందుకే కత్తిరింపు ఏడాదికి ఒకటి రెండుసార్లు చాలు. సైప్రస్ జాతి మొక్కలతో పోలిస్తే దీనికున్న పెద్ద మేలు ఏమిటంటే, ముదురు కొమ్మ మీద కత్తిరించినా మళ్లీ చిగురిస్తుంది. దీనికి పడనిది నీళ్లు నిలవడం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు ఇళ్లలో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. అలాంటి పల్లపు చోట, లేదా నల్లమట్టిలో మామూలు మట్టంలో దీన్ని నాటొద్దు. మట్టి ఎత్తు చేసి కట్టిన గట్టు మీదైతే సరే. త్వరగా అడ్డు కావాలనుకునేవాళ్లు ఎత్తైన మొక్కలే కొనుక్కోవాలి, చిన్నవి తెచ్చి ఎదురుచూస్తే విసుగొస్తుంది.

పోర్టికో స్తంభాల పక్కన, మేడమెట్ల కింద, అడుగున్నర వెడల్పు గట్టు మీద అరేలియా బాగుంటుంది. సన్నటి కాడలు గుంపుగా నిటారుగా లేస్తాయి. పల్చటి నీడ, తేమ దీనికి ఇష్టం. కొమ్మ గుచ్చితే బతుకుతుంది కాబట్టి ఒకటి కొంటే రెండేళ్లలో వరస తయారవుతుంది. కుండీ చోటు మార్చినా, నీళ్లు ఎక్కువైనా ఆకులు రాలుస్తుంది. కంగారుపడి ఇంకా నీళ్లు పోయకండి, పై మట్టి ఆరనిస్తే తేరుకుంటుంది. పడమటెండలో మాత్రం నిలబడదు.

పూలు కూడా కావాలంటే

మధుకామిని, నందివర్ధనం రెండూ ఏడాదంతా పచ్చగా ఉంటాయి, మూడడుగుల వెడల్పులో నిటారుగా పెంచుకోవచ్చు. కాకపోతే సన్నగా ఉంచాలని తరచూ కత్తిరిస్తే మొగ్గలు పోతాయి. పూలూ సన్నదనమూ రెండూ పూర్తిగా దక్కవు. నా మనసు నందివర్ధనం వైపే. మధుకామిని పెరట్లో నిమ్మ చెట్టు ఉన్న ఇంటికి అంత మంచిది కాదు. నిమ్మ, బత్తాయి చెట్లకి గ్రీనింగ్ తెగులు మోసే చిన్న పురుగు మధుకామిని చిగుళ్ల మీద కూడా పెరుగుతుంది.

సన్నవెదురు పొద కూడా నిటారుగా అందంగా ఉంటుంది. నీళ్లు బాగా తాగుతుంది, రోజూ ఆకు రాలుస్తుంది, పొద ఏడాదికేడాది వెడల్పవుతుంది. మూడడుగుల సిమెంటు తొట్టి కట్టి అందులో పెంచగలిగితే సరే. సరుగుడుని బాపట్ల, చీరాల తీరంలో చూసి ముచ్చటపడి ఇంట్లో వేసుకునేవాళ్లున్నారు. కత్తెర ఆపిన ఏడాదే అది చేతికందని చెట్టవుతుంది.

కొనకుండా వదిలేయాల్సినవి

కోనోకార్పస్ వద్దు. త్వరగా పెరుగుతుంది, ఎండకి బెదరదు, చవక. ఇన్ని మేలు గుణాలుండబట్టే రోడ్ల మధ్య డివైడర్ల నిండా నాటారు. దాని వేర్లు నీళ్ల కోసం డ్రైనేజీ, మంచినీటి పైపుల్లోకి చొరబడతాయి. ఆరోగ్యానికీ పర్యావరణానికీ హాని అంటూ గుజరాత్ ప్రభుత్వం 2023లో దీన్ని నాటడం నిషేధించింది. ఫైకస్ రకాలు కుండీలో ముద్దుగా ఉంటాయి. నేలలో నాటితే అవి మర్రి, రావి వంశమే కాబట్టి సంపుని, సెప్టిక్ ట్యాంకుని వెతుక్కుంటూ పోతాయి. గన్నేరు ఎండకి గట్టిదే కానీ మొక్కంతా విషం, చిన్నపిల్లలు తిరిగే సందులో వద్దు.

ఇక సైప్రస్ కుటుంబానికే చెందిన థూజా, గోల్డెన్ సైప్రస్. డిసెంబరు, జనవరిలో నర్సరీలో వీటిని చూస్తే కొనకుండా రావడం కష్టమే. నిమ్మపండు రంగులో మెరిసే గోల్డెన్ సైప్రస్ చల్లటి సముద్ర తీరపు చెట్టు. మన రోహిణి కార్తె దాటడం అరుదు. దాన్ని పండగ అలంకరణ అనుకుని కొంటే బాధ లేదు. థూజా అంతకన్నా గట్టిది, తూర్పు వైపు, నీళ్లు నిలవని చోట, గాలి ఆడేలా విడిగా నాటితే కొన్నేళ్లు నిలుస్తుంది. వరసగా దగ్గరదగ్గరగా నాటితే లోపలి ఆకు ఎండిపోతుంది. ఎండిన కొమ్మ మీద మళ్లీ చిగురు రాదు, ఆ ఖాళీ ఖాళీగానే ఉండిపోతుంది. వేసవిలో నల్లి (ఆకు రసం పీల్చే మైట్) కూడా పడుతుంది. మిరప రైతులకి నల్లి సంగతి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్లు కొమ్మ కింద తెల్ల కాగితం పట్టి తట్టి చూడండి, చుక్కలు కదులుతుంటే అదే.

నాటడం

నల్లమట్టిలో అందరూ చేసే పని ఒకటుంది. గుంత తవ్వి, ఆ మట్టంతా తీసేసి, ఎర్రమట్టి నింపి నాటడం. నీళ్లు వదులైన ఎర్రమట్టిలోకి దిగి, చుట్టూ ఉన్న బంకమట్టిని దాటలేక అక్కడే నిలుస్తాయి. గుంత నీళ్ల తొట్టి అవుతుంది. దానికన్నా తవ్వి తీసిన మట్టిలోనే మూడో వంతు బాగా చివికిన పశువుల ఎరువు కలిపి తిరిగి నింపండి. సందు పొడవునా చుట్టుపక్కల కన్నా ఆరు నుంచి తొమ్మిది అంగుళాలు ఎత్తుగా గట్టు కట్టి, మొక్కని ఆ గట్టు మీద నాటండి. సిమెంటు పెళ్లలు కనిపిస్తే ఒక్కటి కూడా వదలకుండా ఏరేయాలి.

మనకొచ్చే మొక్కల్లో చాలా భాగం కడియం, కడియపులంక నర్సరీల నుంచి ఎర్రమట్టి కవర్లలో వస్తాయి. కవరు తీశాక వేర్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటే బ్లేడుతో నాలుగు పక్కలా నిలువుగా గీయండి. అలా చేయకపోతే ఆ వేర్లు ఏళ్ల తరబడి అక్కడే తిరుగుతాయి. కొనేటప్పుడే మొక్కని మొదలు దగ్గర పట్టి మెల్లగా ఊపి చూడండి. మట్టిముద్దలో వదులుగా ఊగితే ఈమధ్యే కవరు మార్చారన్నమాట. పొట్టిగా, మొదటి నుంచి ఆకున్న మొక్క, కాళ్లు బోసిగా ఉన్న ఎత్తైన మొక్క కన్నా మంచి బేరం.

మృగశిర కార్తె వానలు పడ్డాక గానీ, అక్టోబరు చివర్లో పెద్ద వానలు తగ్గాక గానీ నాటుకోవచ్చు. నల్లమట్టి ఇళ్లకి రెండోదే మేలు, వేరు పాకడానికి నాలుగు చల్లటి నెలలు దొరుకుతాయి. మొదటి వేసవిలో రెండు రోజులకోసారి మొక్కకి ఎనిమిది, పది లీటర్లు నెమ్మదిగా ఇంకేలా పోయండి. రోజూ పైపైన చిలకరిస్తే వేరు లోపలికి దిగదు. మొక్క మొదలు చుట్టూ వరిగడ్డి గానీ వేరుశనగ పొట్టు గానీ మూడంగుళాల మందాన పరచండి, కాండానికి తగలకుండా. పడమటి వైపు మొదటి ఏప్రిల్, మే నెలల్లో గ్రీన్ నెట్ కట్టడం ఖర్చు కాదు, పొదుపు.

కత్తిరింపు విషయంలో ఒక్క సంగతి చాలామంది తప్పుతారు. పైన వెడల్పుగా, కింద సన్నగా వదిలేస్తే కింది ఆకుకి వెలుతురు అందక రాలిపోతుంది, కిటికీ ఎత్తులో పచ్చదనం ఉన్నా కింద బోసి కాళ్లు మిగులుతాయి. పైభాగం కింది భాగం కన్నా కొంచెం సన్నగా ఉండాలి. సంక్రాంతి తర్వాత ఒకసారి, వానలు మొదలయ్యాక ఒకసారి, తర్వాత అవసరాన్ని బట్టి కత్తిరించండి. ఏప్రిల్, మేలలో మాత్రం గట్టిగా కత్తిరించొద్దు, నీడలో ఉన్న లేత ఆకు ఒక్కసారిగా ఎండకి బయటపడి మాడిపోతుంది.

ఇప్పటికే థూజా వరస ఉన్నవాళ్లు దాన్ని పీకేయాల్సిన పనేమీ లేదు. బయట పచ్చగా ఉన్నంతకాలం ఉండనివ్వండి. వేసవిలో వారానికి రెండుసార్లు పొద్దున్నే పైపుతో లోపలి కొమ్మలదాకా నీళ్లు గట్టిగా కొట్టి నల్లిని కడిగేయండి. చనిపోయిన మొక్క స్థానంలో మళ్లీ థూజా పెట్టకుండా, మట్టి ఎత్తు చేసి యుజీనియా నాటండి. కొన్నాళ్లు వరస ఎగుడుదిగుడుగా కనిపించినా ఆ సందు ఎప్పుడూ పూర్తిగా ఖాళీ కాదు.